గది అందరిది – చీపురెవరిది?

వసతిగృహంలో నలుగురు విద్యార్థులు పంచుకొనే గది ఒక చిన్న సమాజం. మంచం ఎవరిది వారిదే. నేల, దండెం, కిటికీ మాత్రం అందరివీ. తన మంచాన్ని చక్కగా సర్దుకొని, తడి తువాలును తోటివారి కుర్చీపై పడవేసే విద్యార్థి తన అశుభ్రతను పరులకు అంటగడుతున్నాడు.

గది సర్దడమంటే వార్డెన్ వచ్చే రోజున వస్తువులన్నీ మంచం కిందికి తోయడం కాదు. ప్రతి వస్తువుకూ ఒక చోటు నిర్ణయించి, వాడిన వెంటనే దానిని అక్కడికి చేర్చాలి. పుస్తకాలు గూటిలో, విడిచిన బట్టలు సంచిలో, చెప్పులు గుమ్మం పక్కన ఉంటే పరీక్షనాటి ఉదయం హాల్‌టికెట్టు కోసం గదిని తలక్రిందులు చేయనక్కరలేదు.

ఇంతకన్న ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. పెక్కు గదులలో చీపురు పట్టే చేయి ఎల్లప్పుడూ ఒక్కటే. మొగమాటపడేవారో, బిడియస్థులో ఆ భారం మోస్తారు. అట్టి గది అద్దంలా మెరిసినా అందులో న్యాయం లేదు. 1901లో కలకత్తా కాంగ్రెసు మహాసభకు వెళ్ళిన గాంధీజీ, మరుగుదొడ్ల శుభ్రత తమ పని కాదన్న స్వచ్ఛంద సేవకుల నడుమ తానే చీపురు చేతబట్టాడు. ఏ పనీ తక్కువైనది కాదని చేతలతో చాటాడు.

కనుక వంతుల పట్టిక వ్రాసి తలుపు వెనుక అంటించండి. అందులో అందరి పేర్లూ ఉండాలి. చదువులో ప్రథములైనా, సంపన్నుల బిడ్డలైనా తమ వంతు వచ్చిననాడు చీపురు అందుకోవాలి. రేపు ఇంటిలోను, ఊరిలోను పనిని ఒకరి నెత్తిన రుద్దకుండా బ్రతకడానికి ఇదే తొలి అభ్యాసం.