సమాన మూలముల పుట తెరచి చూడుడు

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మార్గము ప్రక్కనున్న పుస్తకపు దుకాణములలో, కళాశాలలు తెరచు దినములయందు, గణితపుస్తకము కొరకు వచ్చిన విద్యార్థిని దుకాణదారుడు మొట్టమొదట అడుగు ప్రశ్న "ఏ రెగ్యులేషన్ తమ్మీ?" అనునది. సమాధానము వినిన వెంటనే ఒక గైడును, గత సంవత్సరముల ప్రశ్నపత్రముల కట్టయు చేతికి వచ్చును, బేరము ముగియును. ఇందు దుకాణదారుని దోషము లేదు. అడిగినది ఇచ్చుట అతని వృత్తి. కాని నల్లగొండ నుండియు, సూర్యాపేట నుండియు వచ్చి ఎల్.బి.నగర్‌లో బస్సు దిగి, చైతన్యపురి హాస్టళ్లలో నలుగురితో గది పంచుకొని చదువుకొను పిల్లలు, రేఖీయ బీజగణితమునకును అవకలన సమీకరణములకును ఏ పుస్తకము కొనవలెనను విషయమును ఇట్లు అరనిమిషములో తేల్చుకొనుట నాకు మిక్కిలి బాధ కలిగించుచున్నది. వంతెన కట్టువానికైనను, విద్యుత్పరికరములతో పని చేయువానికైనను, కంప్యూటరుకు బుద్ధి గరపువానికైనను, కళాశాల విడిచిన పిదప నిత్యము అక్కరకు వచ్చు గణితములో అధికభాగము ఈ రెండు శాస్త్రములే.

నిజమునకవి రెండు కావు. పాఠ్యప్రణాళికయే వానిని విడదీసినది. హైదరాబాదు జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయము 2022 నాటి నిబంధనలలో మాత్రికలను మొదటి సెమిస్టరునందు కలనగణితముతో జోడించి, అవకలన సమీకరణములను రెండవ సెమిస్టరునందు సదిశ కలనగణితముతో జోడించినది. ఉస్మానియా డిగ్రీ తరగతులలో అవకలన సమీకరణములు మొదటి ఏటను, రేఖీయ బీజగణితము మూడవ ఏటను వచ్చుచున్నవి. అందువలన మార్గశిరమున మాత్రికకు ఐగెన్ విలువలు కట్టిన విద్యార్థి, చైత్రమున సహాయక సమీకరణమునకు మూలములు కట్టునపుడు, తాను మరల అదే పని చేయుచున్నానని ఎరుగడు. ప్రణాళిక విడదీసిన దానిని కలిపి చూపవలసిన బాధ్యత పుస్తకముపై పడినది. అట్లు కలిపి చూపునదే మంచి పుస్తకమని నా అభిప్రాయము.

దానిని గుర్తించుటకు ఒక్క పుట చాలును. స్థిరగుణకములు గల సమీకరణమును సాధించునపుడు, సహాయక సమీకరణమునకు రెండు మూలములు సమానమైనచో, రెండవ సాధనను ఎక్స్‌తో గుణించి వ్రాయవలెనని మన పిల్లలందరు కంఠస్థము చేసియున్నారు. ఏల గుణించవలెనని అడిగినచో "అది ఫార్ములా సార్" అందురు. వారు చదివిన పుస్తకము అంతకుమించి చెప్పలేదు గనుక వారిని నిందించి ప్రయోజనము లేదు.

ఆ ప్రశ్నకు సమాధానము మన నేలమీదనే పారుచున్నది. కాకతీయులనాడు విస్తరించిన గొలుసుకట్టు చెరువులలో ఎగువ చెరువు అలుగు దాటిన నీరు దిగువ చెరువును చేరును. 2020 అక్టోబరు వానలకు సరూర్‌నగర్ పరిసరములలోని కాలనీలు మునిగిననాడు ఎగువ నీరు దిగువకు తరలివచ్చు తీరును మనము కన్నులార చూచితిమి. రెండు చెరువులను తలచుకొని, ప్రతి చెరువునుండియు అందున్న నీటికి అనులోమముగా నీరు వెడలుననియు, ఎగువ వెడలినదంతయు దిగువ చేరుననియు అనుకొందము. ఈ వృత్తాంతమును మాత్రికగా వ్రాసినచో, దిగువ నీరు ఎగువకు ఎక్కదు గనుక, వికర్ణమునకు పైనున్న స్థానము సున్న యగును. వికర్ణముపై నిలిచిన సంఖ్యలు, అనగా ఆ చెరువులు తరుగు రేట్లు, ఋణచిహ్నముతో, ఐగెన్ విలువలగును. రేట్లు వేరైనపుడు దిగువ చెరువు చరిత్ర రెండు క్షయముల మిశ్రమము. రేట్లు సమానమైనపుడో, దిగువ చెరువు ఏ లయతో తరుగునో ఎగువ నీరు సరిగా ఆ లయతోనే వచ్చిపడును. అప్పుడు మొదట వట్టిపోయియున్న దిగువ చెరువులోని నీరు, కాలముతో గుణింపబడిన క్షయముగా, ముందు పెరిగి పిదప తరుగును. మాత్రిక వైపునుండి చూచినచో, రెండు ఐగెన్ సదిశలు దొరకవలసినచోట ఒక్కటియే దొరకుట ఇదియే. సహాయక సమీకరణమునకు సమాన మూలములు వచ్చినపుడు, ఇచ్చటి కాలము స్థానమున, ఎక్స్‌తో గుణించుటకును కారణమిదే. రెండు సెమిస్టర్లలో రెండు సూత్రములుగా కంఠస్థము చేసినది ఒక్కటే సత్యమని తెలిసిన క్షణమున విద్యార్థి ముఖమునందు కలుగు వెలుగును చూచినవారు, ఆ వెలుగు లేని పుస్తకమును మరొకరికి కొనిపెట్టలేరు.

వేయి పుటలు దాటిన గ్రేవాల్ గారి హయ్యర్ ఇంజనీరింగ్ మ్యాథమాటిక్స్ లెక్కలలో చేయి తిరుగుటకు ఎంతయు ఉపకరించును. దానిని విడువుమని నేననను. దానికి తోడుగా అర్థము చెప్పు పుస్తకమొకటి కావలెను. అట్టివి లేకపోలేదు. గిల్బర్ట్ స్ట్రాంగ్ 2014 లో ఈ రెండు శాస్త్రములను ఒకే సంపుటమునందు చేర్చి వ్రాసెను. మాత్రికలపై ఆయన ఉపన్యాసములు ఇంటర్నెట్టునందు ఉచితముగా లభించుచున్నవి. హైదరాబాదు విశ్వవిద్యాలయమున బోధించిన ఎస్. కుమరేశన్ జ్యామితి మార్గమున రచించిన రేఖీయ బీజగణితము, సమీకరణములను వాని చరిత్రతో సహా చెప్పిన సిమన్స్ గ్రంథము శ్రద్ధ గలవారికి మంచి తోడు. అభ్యాసమునకొకటి, అర్థమునకొకటి, ఈ రెండు చాలును. ఐదు పుస్తకములు కొని దేనిని ముగింపకుండుటకంటె ఇది మేలు.

పరీక్ష దగ్గరపడినదనియు, బ్యాక్‌లాగు మిగిలినచో ఇంటివద్ద తలయెత్తుకొనలేమనియు పిల్లలు చెప్పు మాటలో సత్యమున్నది. ఆ భయమును నేను తేలికగా తీసికొనను. కాని గైడులోని లెక్కలో ఒక గుణకము మారినంతనే తడబడునది కంఠస్థము చేసిన చదువే. కారణము తెలిసినవానికి ఆ తడబాటు లేదు, మార్కులును తగ్గవు.

తెలుగు మాధ్యమమునుండి వచ్చినవారి కష్టము ఇంకను పెద్దది: పై పుస్తకములన్నియు ఆంగ్లమున నున్నవి. పదకొండవ శతాబ్దివాడని చెప్పబడు పావులూరి మల్లన, మహావీరాచార్యుని సంస్కృత గణితమును తెనిగించునపుడు కొన్ని ఉదాహరణములను విడిచి తనవి చేర్చెను. ఎవరికి చెప్పుచున్నాడో ఎరిగి చెప్పెను. ఉన్నతవిద్యకు తెలుగు గ్రంథములు సమకూర్చుటకై 1968 లో ఏర్పడిన తెలుగు అకాడమి డిగ్రీ గణితమునకు తెలుగు పదజాలమును ఇచ్చినది. ఆ పదజాలముతో, ఈ రెండు శాస్త్రములను కలిపి, గొలుసుకట్టు చెరువులవంటి మన ఉదాహరణములతో రెండువందల పుటల పుస్తకమొకటి వెలువడవలెనని నా ప్రార్థన.

అంతవరకు విద్యార్థులకు ఒక మనవి. దుకాణమునందు నిలుచుండియే సమాన మూలముల పుట తెరచి చదువుడు. గుణించవలెనని మాత్రమే యున్నచో దానిని అభ్యాసమునకు ఉంచుకొని, ఏల గుణించవలెనో చెప్పు పుస్తకమును కూడ అడుగుడు. లేదన్నచో తెప్పించుమనుడు. నలుగురు అడిగినచో, ఐదవవాడు వచ్చునాటికి అది ఆ అరలో ఉండును.