పాదపము నీరెట్లు త్రాగును? – అంజూర్ ఫాటా తరగతి గది నుండి



తెలుగులో విజ్ఞానశాస్త్రం చెప్పడం వృథాప్రయాస అనే మాట మన భివండీలో తరచుగా వినవస్తున్నది. "బాష్పోత్సేకం అనలేక పిల్లవాడి నోరు తిరగడం లేదు సార్, ట్రాన్స్‌పిరేషన్ అంటే సరిపోదా?" అని ఒక తండ్రిగారు నన్నడిగారు. పన్నెండు గంటలు సాంచాల దగ్గర నిలబడి, ఆ అలసటతోనే బడికి వచ్చిన మనిషి. ఆయన మాటను తేలికగా త్రోసిపుచ్చలేను. అట్లని అంగీకరించనూ లేను.

ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ పదాన్ని మనం విప్పి చెప్పడం లేదు. బోర్డు మీద వ్రాసి వల్లె వేయిస్తున్నాము. నేనూ చాలా ఏళ్ళు అదే చేశాను. ఒకనాడు నాలుగో వరుసలోని బాలిక లేచి, "బాష్పాలంటే కన్నీళ్ళు కదా సార్, మొక్క ఏడుస్తుందా?" అని అడిగింది. తరగతి అంతా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. తెలుగు పాఠంలో ఆనందబాష్పాలకు అర్థం చెప్పినది నేనే. ఆ పిల్ల ఒక పాఠాన్ని ఇంకొక పాఠంతో కలిపి చూసింది, నేను చూడలేదు. బాష్పమంటే కన్నీరే కాదు, ఆవిరి కూడా. ఉత్సేకమంటే పైకి పొంగి వెలువడడం. మరాఠీ పుస్తకాలలో ఇదే క్రియను బాష్పోచ్ఛ్వాస అన్నారు. బాష్పమనే తాళంచెవి చేతికి వస్తే రెండు భాషల తలుపులూ తెరుచుకుంటాయి. ట్రాన్స్‌పిరేషన్ అన్న మాట ఇంట్లో ఆంగ్లం వినని మన పిల్లవాడికి ఉత్త శబ్దం మాత్రమే.

ఆ బాలిక ప్రశ్నలో మరొక సత్యమూ ఉన్నది. వానాకాలపు ఉదయం మన మురికికాలువల గట్ల మీద పెరిగే చేమ ఆకులను చూడండి. అంచుల వెంట, కొనల వద్ద నీటిబొట్లు నిలిచి ఉంటాయి. అదంతా మంచు కాదు. రాత్రివేళ వేళ్ళు నీటిని పీల్చుకుంటూనే ఉంటాయి, గాలిలో తేమ నిండి ఉన్నందున ఆకులు ఆవిరిని వదలలేవు. అప్పుడు వేరు పీడనం వలన నీరు ఆకు అంచున బొట్లుబొట్లుగా వెలికి వస్తుంది. దీనిని బిందుస్రావం అంటారు. మొక్క కన్నీరు పెట్టుకోవడం అంటూ ఉంటే ఇదే.

ఇక అసలు ప్రశ్న. నీరు పైకి ఎట్లా ఎక్కుతుంది? సంస్కృతంలో చెట్టుకు పాదపమని పేరు. పాదములతో త్రాగునది అని దాని అర్థం. చాలా చక్కని మాట. అయితే వేళ్ళే నీటిని పైకి నెడతాయన్న భ్రమను కూడా ఈ మాట కలిగించవచ్చు. నేను అట్లాగే చెప్పేవాడిని. మూలకేశాలు ద్రవాభిసరణ వలన నీటిని తీసుకుంటాయి, నిజమే. కాని వేరు పీడనం కొద్దిపాటి ఎత్తుకే చాలుతుంది. పై నుండి పీల్చే పంపు కూడా సుమారు 10 మీటర్లకు మించి నీటిని ఎత్తలేదు. అమెరికా పశ్చిమ తీరంలోని రెడ్‌వుడ్ వృక్షాలలో 110 మీటర్లు దాటినవి ఉన్నాయి. వాటి కొనకు నీరు అందుతున్నది ఎట్లా?

1894లో డబ్లిన్‌కు చెందిన డిక్సన్, జోలీ అనే శాస్త్రజ్ఞులు దీనికి సమాధానం ప్రతిపాదించారు. మన జగదీశ్ చంద్ర బోస్ ఇందుకు భిన్నంగా, సజీవకణాల స్పందనే నీటిని ఎక్కిస్తుందని 1923లో గ్రంథం వ్రాశారు. ఆయన ఎంతటి మహనీయుడైనా, శాస్త్రలోకం స్వీకరించినది డిక్సన్, జోలీల మార్గాన్నే.

ఆ మార్గాన్ని మన పిల్లలకు చెప్పడానికి సాంచాను మించిన బోధనోపకరణం లేదు. వెనుక భీము మీద పడుగు చుట్టి ఉంటుంది. ముందు నేసిన గుడ్డ రోలరుకు చుట్టుకుంటూ పోతుంది. పడుగును వెనుక నుండి ఎవరైనా నెడుతున్నారా? పోగును నెట్టలేము, లాగగలం. చెట్టులో దారునాళాల గుండా నీరు పోగులాగానే సాగుతుంది. ఎండకు ఆకు లోపలి నుండి నీరు ఆవిరైనప్పుడల్లా వెనుక ఉన్న నీరు ముందుకు లాగబడుతుంది. నీటి అణువులు ఒకదానినొకటి పట్టుకొని ఉండడం సంసంజనం. నాళపు గోడను పట్టుకొని ఉండడం అసంజనం. మొన్న ఈ పాఠం చెప్పినప్పుడు చివరి బెంచీ పిల్లలు కూడా నోట్సు మూసి విన్నారు. వానలలో ఇక్కడ విరివిగా మొలిచే కాశీతుమ్మను, మరాఠీవారి తేరడాను, ఎర్రసిరా కలిపిన నీటిలో నిలబెట్టి, పలుచని కాడలో ఎరుపు ఎక్కడం కూడా చూపించాను. ఖర్చు ఒక సిరాబుడ్డి.

వాయువుల సంగతి ఇంకా ఎక్కువ చిక్కుబడి ఉన్నది. మొక్కలు పగలు ఆక్సిజన్‌ను, రాత్రి కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతాయని ఒక్క వాక్యంలో ముగిస్తాము. పిల్లవాడు మొక్క రాత్రి మాత్రమే శ్వాసిస్తుందని అనుకుంటాడు. శ్వాసక్రియ రేయింబవళ్ళు జరుగుతూనే ఉంటుంది. పగటి వెలుతురులో కిరణజన్య సంయోగక్రియ దానిని మించి ఉండడం వలన కనబడదు, అంతే. మొక్కకు ఊపిరితిత్తులు లేవు. మూసిన గదిలో వెలిగించిన అగరుబత్తి వాసన మూలమూలకూ ప్రాకినట్లు, వాయువులు ఎక్కువ ఉన్నచోటి నుండి తక్కువ ఉన్నచోటికి వ్యాపిస్తాయి. ఆకులో వాటికి ద్వారాలు పత్రరంధ్రాలు. గాలిలో కార్బన్ డయాక్సైడ్ 0.04 శాతం మాత్రమే. దానికోసం తలుపు తెరిస్తే లోపలి నీరు బయటికి పోతుంది. సాధారణంగా ఒక్క కార్బన్ డయాక్సైడ్ అణువు దక్కడానికి వందల నీటి అణువులు పోతాయి. నీరు తక్కువైనప్పుడు రక్షకకణాలు సడలి ద్వారం మూసుకుంటుంది. దప్పికా ఆకలీ ఒకే తలుపు దగ్గర పోట్లాడుకుంటున్నాయన్నమాట.

ఠాణే దారిలో కశేళీ ఖాడీ దగ్గర బస్సు కిటికీ నుండి మడచెట్లు కనిపిస్తాయి. మరాఠీలో తివర. మన కాకినాడ చెంత కోరింగలో ఉన్నదీ ఈ కుటుంబమే. బురదలో గాలి అందదు గనుక వేళ్ళు పెన్సిళ్ళవలె పైకి లేచి, తమపై ఉండే సన్నని రంధ్రాల ద్వారా గాలిని తీసుకుంటాయి. ఠాణేకు వెళ్ళినప్పుడు మీ పిల్లలకు చూపించండి.

ఆ తండ్రిగారికి సాంచా పోలిక చెప్పాను. కొంచెంసేపు ఆలోచించి, "పోగు తెగితే మేం ముడి వేస్తాం సార్. చెట్టులో తెగితే ఎవరు వేస్తారు?" అన్నారు. నాకు వెంటనే తోచలేదు. మరునాడు పుస్తకాలు తిరగవేసి చెప్పాను: నీటిపోగు తెగినచోట గాలిబుడగ నిలుస్తుంది. నీరు నాళపు ప్రక్కగోడలోని సన్నని గుంటల గుండా పొరుగు నాళంలోకి మళ్ళి పైకి పోతుంది. బుడగ ఆ గుంటల పొరను సులభంగా దాటలేదు. కొన్ని చిన్న మొక్కలలో రాత్రి వేరు పీడనం పెరిగినప్పుడు బుడగ కరిగి నాళం మళ్ళీ నిండుతుంది. ఆయన విని, "అయితే రాత్రి పాళీలో అతుకుతుందన్నమాట" అన్నారు.