అంతర గాంధారం ఖరీదు

మేడ్చల్‌లో ఇంజనీరింగు చదువుతున్న మా మేనల్లుడి గదిలో వీణ లేదు, హార్మోనియమూ లేదు. ఉన్నదల్లా మాడ్యులర్ సింథసైజరు. అందులో ఒక పలక స్వరం పుట్టిస్తుంది, ఒకటి వడగడుతుంది, ఇంకొకటి హెచ్చుతగ్గులు చూస్తుంది. తీగెలతో కలిపితేనే నోరు విప్పుతాయి. మన దేశానికిది మరీ కొత్త కాదు లెండి. 1969లోనే అహమ్మదాబాదు నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైనులో డేవిడ్ ట్యూడర్ ఒక మూగ్ యంత్రాన్ని నెలకొల్పాడు.

"కీబోర్డులో మన గాంధారం లేదు మామయ్యా" అన్నాడు మావాడు. నిజమే. ఆ యంత్రంలో ఒక వోల్టు పెరిగితే ఒక స్థాయి పెరుగుతుంది. పియానో లెక్కన ఆ వోల్టు 12 సమభాగాలు. అంతర గాంధారం 333 మిల్లీవోల్టుల దగ్గర పడుతుంది. తంబురా మీటినప్పుడు తనంతట తాను పలికే గాంధారం 322 దగ్గర. పదకొండు మిల్లీవోల్టులేనా అనకండి, చెవి ఒప్పుకోదు.

అందుకని రాస్ప్‌బెర్రీ పై అనే పేకముక్కంత కంప్యూటరును తెచ్చి, సంఖ్యను వోల్టుగా మార్చే పలకకు తగిలించాడు. మధ్య నడిచేది ఫిలిప్స్ వారు 1982లో కల్పించిన రెండు తీగెల బస్సు. ఒక తీగె తాళం వేస్తుంది, రెండోది సాహిత్యం మోస్తుంది. పలకలన్నీ ఆ రెంటికే వేళ్లాడుతాయి. ప్రతిదానికీ ఒక ఇంటి నంబరు. పిలుపు అందరూ వింటారు, నంబరు గలవాడే పలుకుతాడు. ఒకే నంబరు ఇద్దరికుంటే ఇక గోలే!

ఇందులో తమాషా ఏమిటంటే, తీగెను పైకెత్తి పట్టుకునేవి రెసిస్టర్లు. మాట్లాడేవాడు కిందికి లాగడమే గాని పైకి తొయ్యడు. చిక్కల్లా ఎత్తు దగ్గరే. పలక 5 వోల్టులది, కంప్యూటరు కాళ్లు 3.3కు మించి ఓర్చవు. షామీర్‌పేటలో మావాడి స్నేహితుడొకడు 5 వోల్టుల తీగె తిన్నగా తగిలించాడట. మూడునెలల చేతిఖర్చు ఒక్క క్షణంలో పోయింది. మావాడు లెవెల్ షిఫ్టరనే దుబాసీని మధ్య నిలబెట్టాడు. రెండు వైపులా గ్రౌండు కలిపాడు. అది కలపకపోతే దుబాసీ కూడా ఏమీ చెయ్యలేడు.

ఆ పలకలో మిల్లీవోల్టుకు ఒక మెట్టు. షడ్జం 1000 అయితే గాంధారం 1322. మరి గమకమో? సెకనుకు లక్ష బిట్లు నడిచే తీగె, ఒక్కొక్క సంఖ్యకు సుమారు ముప్ఫై బిట్లు. అంటే సెకనుకు మూడువేల చిన్న కదలికలు. తీగెకు లోటు లేదు. ఎక్కడ ఊపాలో, ఎంత ఊపాలో మాత్రం కుర్రవాడే రాయాలి.

ప్రస్తుతం సరళీ వరిసల్లో ఉన్నాడు. మాయామాళవగౌళ కదా, గాంధారం అంతరమే.