కుక్క జాతిని నిషేధిస్తే కాట్లు ఆగుతాయా? 23 జాతుల జాబితా కథేంటి, మీ హక్కులేంటి

‘మీ ఇంట్లో రాట్‌వైలర్‌ ఉంది. నెలాఖరుకల్లా దాన్ని పంపించేయండి. లేదంటే ఫ్లాట్‌ ఖాళీ చేయండి.’ అపార్ట్‌మెంట్‌ వాట్సాప్‌ గ్రూపుల్లో ఇలాంటి మెసేజ్‌లు కొత్తేమీ కాదు. ‘ఆ జాతిని కేంద్రమే నిషేధించింది కదా’ అని దాని కింద ఎవరో ఒకరు రాస్తారు. పిల్లల తల్లిదండ్రులకు నిజంగానే భయం. కుక్కను బిడ్డలా పెంచుకున్న వాళ్లకు దాన్ని ఎక్కడ వదిలేయాలన్న బెంగ.

ఇంతకీ కేంద్రం నిజంగానే నిషేధించిందా? ఫలానా జాతి కుక్క పుట్టుకతోనే ప్రమాదకరమా? కుక్కలున్న వాళ్లకు, లేనివాళ్లకు చట్టం ఏం చెబుతోంది? ఒక్కొక్కటిగా చూద్దాం.

23 జాతుల జాబితా ఎక్కడి నుంచి వచ్చింది?

2022 జులైలో లఖ్‌నవూలో 82 ఏళ్ల వృద్ధురాలు ఇంట్లో పెంచుకున్న పిట్‌బుల్‌ దాడిలో చనిపోయారు. దేశమంతా ఉలిక్కిపడింది. అదే ఏడాది అక్టోబరులో ఘాజియాబాద్‌ నగరపాలక సంస్థ పిట్‌బుల్‌, రాట్‌వైలర్‌, డోగో అర్జెంటీనో జాతులపై నిషేధం పెట్టింది. ప్రమాదకర జాతుల లైసెన్సులు రద్దు చేయాలంటూ ఢిల్లీ హైకోర్టులో పిటిషన్‌ పడింది. దీనిపై మూడు నెలల్లో నిర్ణయం తీసుకోవాలని 2023 డిసెంబరులో కోర్టు కేంద్రానికి సూచించింది.

ఆ తర్వాత 2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ రాష్ట్రాల ప్రధాన కార్యదర్శులకు ఒక లేఖ రాసింది. పిట్‌బుల్‌, రాట్‌వైలర్‌, కేన్‌ కోర్సో, అమెరికన్‌ బుల్‌డాగ్‌, కాకేసియన్‌ షెపర్డ్‌ వంటి 23 జాతుల దిగుమతి, పెంపకం, అమ్మకాలను ఆపాలని, లైసెన్సులు ఇవ్వొద్దని అందులో ఉంది. ఇప్పటికే ఇళ్లలో ఉన్నవాటికి సంతానం కలగకుండా ఆపరేషన్‌ చేయించాలంది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఇది పార్లమెంటు చేసిన చట్టం కాదు. ఇళ్లలో ఉన్న కుక్కలను తీసుకెళ్లమని కూడా ఆ లేఖ ఎక్కడా చెప్పలేదు.

మరి ఇప్పుడు ఆ లేఖ చెల్లుతుందా?

లేఖ వచ్చిన వారంలోనే కర్ణాటక హైకోర్టు తమ రాష్ట్రంలో దాని అమలును నిలిపేసింది. 2024 ఏప్రిల్‌ 10న మొత్తంగా కొట్టేసింది. కుక్కల పెంపకందారులు, యజమానులు, ఈ రంగంలోని సంస్థల మాట వినకుండానే నిర్ణయం తీసుకున్నారన్నది కోర్టు చెప్పిన ప్రధాన కారణం. అందరితో చర్చించి, చట్టప్రకారం కొత్తగా నిర్ణయం తీసుకునే అవకాశాన్ని మాత్రం కేంద్రానికి వదిలింది. తర్వాత కేంద్రం ప్రజల నుంచి అభ్యంతరాలు, సూచనలు కోరింది.

అంటే ఆ 2024 లేఖను చూపించి మీ కుక్కను పంపించేయమని ఎవరైనా అంటే, ఆ మాటకు చట్టబలం లేదు. అయితే ఘాజియాబాద్‌లా కొన్ని నగరాలు సొంతంగా నిబంధనలు పెట్టుకున్నాయి. అందుకే కొత్త ఊరికి మారేటప్పుడు అక్కడి మున్సిపల్‌ నిబంధనలు ఒకసారి కనుక్కోవాలి.

జాబితాలో ఉన్న చిక్కేంటి?

జాబితాను జాగ్రత్తగా చదివితే చిక్కు అర్థమవుతుంది. టోసా ఇను అని ఒకచోట, జపనీస్‌ టోసా అని మరోచోట ఉంది. రెండూ ఒకే కుక్క. ‘టెరియర్స్‌’ అని ఒక్క మాటలో రాసేశారు. టెరియర్‌ అనేది ఒక్క జాతి పేరు కాదు, పదుల జాతుల కుటుంబం. సోఫా మీద ముడుచుకుని పడుకునే, మూడు కిలోలకు అటూ ఇటూ ఉండే యార్క్‌షైర్‌ టెరియర్‌ కూడా ఆ మాటలోకే వస్తుంది. మరోవైపు కాపలాకు ఎక్కువగా పెంచే డాబర్‌మ్యాన్‌, జర్మన్‌ షెపర్డ్‌ అందులో లేనేలేవు.

హైదరాబాద్‌లో ఏం జరిగింది?

నగరాన్ని కుదిపేసిన మూడు ఘటనలను ఆ జాబితా పక్కన పెట్టి చూద్దాం. మూడూ 2023లోనే జరిగాయి.

జనవరిలో బంజారాహిల్స్‌లో పార్సిల్‌ ఇవ్వడానికి ఓ అపార్ట్‌మెంట్‌ మూడో అంతస్తుకు వెళ్లిన 23 ఏళ్ల డెలివరీ బాయ్‌ మీదికి ఆ ఇంటి కుక్క దూకింది. తప్పించుకోబోయి అతను పైనుంచి కిందపడ్డాడు. కొన్ని రోజులకు ఆస్పత్రిలో చనిపోయాడు. అది జర్మన్‌ షెపర్డ్‌.

మే నెలలో మణికొండలో మరో డెలివరీ ఉద్యోగి ఇలాగే కుక్కకు భయపడి మూడో అంతస్తు నుంచి దూకి గాయపడ్డాడు. అది డాబర్‌మ్యాన్‌.

ఈ రెండింటి మధ్య, ఫిబ్రవరిలో, అంబర్‌పేటలో నాలుగేళ్ల బాలుడిని వీధి కుక్కలు చంపేశాయి. ఆ ఘటనపై తెలంగాణ హైకోర్టు తనంతట తానే విచారణ చేపట్టింది.

మూడు ఘటనల్లోనూ ఉన్న కుక్కలు 23 జాతుల జాబితాలోనివి కావు. ఆ లేఖ 2022లోనే వచ్చి, అక్షరం పొల్లుపోకుండా అమలై ఉన్నా ఈ మూడింటిలో ఒక్కదాన్నీ ఆపేది కాదు. మొదటి రెండింటిలో కావాల్సింది తలుపు తీసే ముందు కుక్కను గదిలో ఉంచడమో, పట్టీ వేసి పట్టుకోవడమో. మూడోదానిలో కావాల్సింది వీధి కుక్కలకు ఆపరేషన్లు, టీకాలు, చెత్త నిర్వహణ.

జాతిని బట్టి స్వభావం ఉండదా?

కొంత ఉంటుంది. కాపలా జాతులను కాపలా కోసం, వేట జాతులను వేట కోసం మనుషులే తరతరాలుగా ఎంపిక చేసి పెంచారు. పిట్‌బుల్‌ మూలాలు ఇంగ్లండ్‌లో ఎద్దుల మీదికి కుక్కలను ఉసిగొల్పే పోటీల్లో ఉన్నాయి. 1835లో అక్కడ వాటిని నిషేధించాక పందేలు కుక్కలకు, కుక్కలకు మధ్య సాగాయి. రాట్‌వైలర్‌ కథ వేరు. జర్మనీలోని రాట్‌వైల్‌ పట్టణంలో మాంసం వ్యాపారుల పశువులను తోలడానికి, బండ్లు లాగడానికి పెంచిన పనికుక్క అది.

అయితే ఒక కుక్క జాతి తెలిస్తే అది ఎలా ప్రవర్తిస్తుందో ఎంతవరకు చెప్పగలం? అమెరికాలో 18 వేలకు పైగా కుక్కల యజమానులను ప్రశ్నించి, రెండు వేలకు పైగా కుక్కల డీఎన్‌ఏను పరిశీలించిన అధ్యయనం 2022లో ‘సైన్స్‌’ పత్రికలో వచ్చింది. కుక్కకూ కుక్కకూ ప్రవర్తనలో కనిపించే తేడాల్లో జాతి వల్ల వచ్చేది సగటున 9 శాతమే అని అందులో తేలింది. చెప్పిన మాట వినే గుణంలో జాతి ప్రభావం కాస్త ఎక్కువ. ఎంత తొందరగా రెచ్చిపోతుందన్న విషయంలో జాతిని బట్టి అంచనా వేయడం దాదాపు కుదరదని పరిశోధకులు చెప్పారు. పిల్లగా ఉన్నప్పుడు మనుషులతో అలవాటు, శిక్షణ, వ్యాయామం, నొప్పి, భయం, గొలుసుతో కట్టి ఉంచడం లాంటివీ కుక్క స్వభావం మీద పనిచేస్తాయి.

పైగా చూసి జాతి చెప్పడమూ తేలిక కాదు. అమెరికాలోని కుక్కల సంరక్షణ కేంద్రాల్లో 120 కుక్కలపై ఒక పరిశీలన జరిగింది. అక్కడి సిబ్బందిలో కనీసం ఒకరు ‘ఇది పిట్‌బుల్‌ రకం’ అన్న కుక్కలు 62. డీఎన్‌ఏ పరీక్షలో ఆ మూలాలు కనిపించినవి 25. రోజూ కుక్కల మధ్యే పనిచేసేవాళ్లకే అంత తేడా వస్తే, అసోసియేషన్‌ మీటింగ్‌లో ఫొటో చూసి తీర్పు చెప్పడం ఎంత సరైనదో ఆలోచించాలి.

అయితే భయపడటం తప్పా?

కాదు. ఈ మాట స్పష్టంగా చెప్పుకోవాలి. 45 కిలోల కుక్క కరిస్తే అయ్యే గాయం, 5 కిలోల కుక్క కరిస్తే అయ్యే గాయం ఒకటి కాదు. 2024 మేలో చెన్నైలోని ఓ కార్పొరేషన్‌ పార్కులో అయిదేళ్ల పాపను రెండు రాట్‌వైలర్లు తీవ్రంగా గాయపరిచాయి. యజమాని అరెస్టయ్యారు. బలమైన కుక్కను పెంచేవాళ్ల మీద బాధ్యత ఎక్కువే ఉండాలి.

నిషేధాన్ని సమర్థించేవాళ్ల వాదనలోనూ పస ఉంది. పిట్‌బుల్‌ లాంటి వాటిని దేశంలో చాటుమాటుగా జరిగే కుక్కల పందేలకు వాడుతున్నారని, పెంపకం ఆగితే ఆ హింసా ఆగుతుందని పెటా ఇండియా లాంటి సంస్థలు అంటున్నాయి. కుక్కల పందేలు 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం ఇప్పటికే నేరం. ఆ చట్టం గట్టిగా అమలైతే పందేలు నడిపేవాళ్లు దొరుకుతారు. జాతి పేరుతో నిషేధం పెడితే ఇంట్లో బుద్ధిగా పెరిగిన కుక్క, దాన్ని లైసెన్సుతో పెంచుతున్న కుటుంబం కూడా అదే గాటన పడతాయి. ఆ భయంతో కుక్కను రాత్రికి రాత్రే రోడ్డు మీద వదిలేస్తే, వీధిలో వాళ్లకు ముప్పు పెరుగుతుందే కానీ తగ్గదు.

ఇతర దేశాల్లో ఏం చేశారు?

బ్రిటన్‌ 1991లో పిట్‌బుల్‌తో సహా నాలుగు రకాలను నిషేధించింది. అయినా దాడులు ఆగలేదు. 2024 ఫిబ్రవరి నుంచి అనుమతి లేకుండా ఎక్స్‌ఎల్‌ బుల్లీని ఉంచుకోవడమూ నేరమైంది. నెదర్లాండ్స్‌ 1993లో పిట్‌బుల్‌ను నిషేధించి, కాట్లు తగ్గలేదని 2008లో ఎత్తేసింది. ఇటలీ 2009లో జాతుల జాబితాను పక్కనపెట్టి బాధ్యతను యజమానుల మీద పెట్టింది. అమెరికాలోని డెన్వర్‌ నగరం మూడు దశాబ్దాల నిషేధాన్ని 2020లో ఓటు ద్వారా సడలించింది. కెనడాలోని కాల్గరీ జాతి జోలికి పోకుండా లైసెన్సులు, జరిమానాలు, దూకుడుగా ప్రవర్తించిన కుక్కపై విడిగా ఆంక్షల దారి పట్టింది.

అసోసియేషన్‌ కుక్కను పంపించేయమనగలదా?

భారత జంతు సంక్షేమ బోర్డు 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పెంపుడు కుక్కలను నిషేధించే అధికారం నివాసితుల సంఘాలకు లేదు. జనరల్‌ బాడీలో మెజారిటీ తీర్మానం చేసినా చెల్లదు. ఫలానా జాతి, ఫలానా సైజు వద్దని కూడా అనకూడదు. లిఫ్ట్‌ వాడొద్దనడం, వాడితే అదనంగా వసూలు చేయడం కుదరదు.

అలాగని యజమానులకు ఎదురులేదని కాదు. కుక్క వల్ల మనుషులకు ప్రమాదం రాకుండా తగిన జాగ్రత్త తీసుకోకపోతే భారతీయ న్యాయ సంహిత సెక్షన్‌ 291 కింద ఆరు నెలల వరకు జైలు, లేదా రూ.5,000 వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. కుక్క ఏ జాతిదని ఈ సెక్షన్‌ అడగదు.

కుక్కను పెంచుతున్నారా? ఇవి చేయండి

- మున్సిపల్‌ కార్పొరేషన్‌ లైసెన్సు తీసుకోండి. హైదరాబాద్‌లో ఇది తప్పనిసరి. రేబిస్‌ టీకా ధ్రువపత్రం దగ్గర పెట్టుకుని దరఖాస్తు చేయండి.
- రేబిస్‌ టీకా ఏటా వేయించండి. కార్డు భద్రపరచండి.
- గుమ్మం దాటితే పట్టీ ఉండాల్సిందే. పట్టుకునే మనిషికి కుక్కను ఆపగల బలం ఉండాలి. పిల్లల చేతికి ఇవ్వొద్దు.
- కాలింగ్‌ బెల్‌ మోగితే ముందు కుక్కను వేరే గదిలో పెట్టండి. ఆ తర్వాతే తలుపు తీయండి.
- పెద్ద కుక్కకు చిన్నప్పటి నుంచే మూతికి చిక్కం, అంటే మజిల్‌ అలవాటు చేయండి. లిఫ్టులో, రద్దీలో అది మీకూ ఎదుటివాళ్లకూ ధైర్యం.
- పిల్లను కొనేటప్పుడు అమ్మేవాళ్లకు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు రిజిస్ట్రేషన్‌ ఉందో లేదో అడగండి. 2017 నిబంధనల ప్రకారం పెంపకందారులకు అది తప్పనిసరి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు.

కుక్కంటే భయమా? కరిస్తే ఏం చేయాలి?

పక్కింటి కుక్క పట్టీ లేకుండా తిరుగుతుంటే జాతి గురించి వాదించకండి. తేదీ, సమయం, వీలైతే వీడియోతో అసోసియేషన్‌కు, మున్సిపల్‌ అధికారులకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. మీద పడితే, కరిస్తే పోలీసులకు చెప్పండి. ‘అది పిట్‌బుల్‌’ అని రాసిన ఫిర్యాదు కన్నా ‘ఫలానా రోజు పట్టీ లేకుండా మా అబ్బాయి వెంటపడింది’ అని రాసిన ఫిర్యాదుకే బలం ఎక్కువ.

కరిస్తే గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పారే నీటితో 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం పెట్టొద్దు. ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లాలి. ప్రభుత్వాస్పత్రుల్లో రేబిస్‌ టీకా ఉచితం. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఐపీఎం, నల్లకుంటలోని ఫీవర్‌ ఆస్పత్రిలోనూ వేస్తారు. చర్మంలోకి వేసే పద్ధతిలో మొదటి రోజు, 3, 7, 28వ రోజుల్లో టీకా ఉంటుంది. గాయం లోతుగా ఉంటే ఇమ్యునోగ్లోబ్యులిన్‌ కూడా అవసరమవుతుంది. కరిచింది టీకాలు వేసిన పెంపుడు కుక్కే అయినా డాక్టర్‌ను అడగకుండా మీరే నిర్ణయించుకోవద్దు.

కేంద్రం మళ్లీ కొత్త నిబంధనలు తెస్తే అందులో జాతుల పేర్లు ఎన్ని ఉన్నాయన్నదే వార్త అవుతుంది. పాఠకులుగా మనం చూడాల్సినవి వేరే ఉన్నాయి. లైసెన్సు లేని కుక్కలను గుర్తించడానికి సిబ్బందిని ఇస్తున్నారా? ఒకసారి కరిచిన కుక్క యజమానిపై ఏం చర్య ఉంది? అడ్డగోలుగా పిల్లలను అమ్ముతున్న వాళ్లను ఎవరు ఆపుతారు? బంజారాహిల్స్‌లో ఆ రోజు మూడో అంతస్తు తలుపు దగ్గర ఒక పట్టీ ఉండి ఉంటే ఓ యువకుడు ఇంటికి చేరేవాడు. ఆ తలుపు వెనక ఉన్నది ఏ జాతి అన్న ప్రశ్నే వచ్చేది కాదు.