గిటారు నేర్పిన కెమిస్ట్రీ



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని తమ్ముళ్ళు అడిగారు. పోటీ పరీక్షలకు ఎలా చదవాలో రాస్తానని వాళ్ళు అనుకొని ఉంటారు. అలాంటి వ్యాసాలు ప్రతి సంచికలోనూ వస్తున్నాయి, వాటి అవసరమూ ఉంది. నేను మాత్రం పోయిన ఏడాది ఈ హాస్టల్ గిటారును నా చేతులతో నేనే పాడుచేసిన సంగతి రాస్తున్నాను. చదువుకున్నవాడు చేసిన తప్పు చదువుకుంటున్నవారికి పనికొస్తుందని నా నమ్మకం. చివర ఒక విన్నపం కూడా ఉంది.

వార్షికోత్సవానికి పక్షం రోజుల ముందు నేను సెలవులకు బోథ్ వచ్చాను. పాత విద్యార్థి ఒకరు ఇచ్చిపోయిన గిటారు స్టోర్ రూంలో ఉండేది. తీగలు మారిస్తే బాగానే మోగింది కానీ పైన పాలిష్ పెచ్చులు పెచ్చులుగా ఊడిపోయింది. "అన్నా, దీనికి నల్లరంగు ఏస్తే స్టేజి మీద మస్తు కొడ్తది" అన్నారు తొమ్మిదో తరగతి తమ్ముళ్ళు. ఆదిలాబాద్ వెళ్ళి రెండు స్ప్రే డబ్బాలు తెచ్చాను. ఒకటి నల్ల ఎనామిల్. రెండోది మెరుపు కోసం పైన కొట్టే క్లియర్ లాకర్. రెండింటి కంపెనీలు వేరు. రెండూ పెయింటే కదా అనుకున్నాను. డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ఇంగ్లీషులో ఏం రాసి ఉందో చదవలేదు.

సాయంత్రం నలుపు కొట్టాం. తెల్లారి ముట్టుకుంటే వేలికి అంటలేదు. ఎండిందనుకొని క్లియర్ కొట్టాను. పది నిమిషాలు కాకముందే అద్దంలా ఉన్న నలుపు పాల మీది మీగడలా ముడతలు పడి లేచింది. చుట్టూ నిలబడ్డ పిల్లలు ఎవరూ మాట్లాడలేదు. ఒక తమ్ముడు మాత్రం మెల్లగా, "అన్నా, నువ్వు ఎమ్మెస్సీ కెమిస్ట్రీ కదా?" అన్నాడు. ఎగతాళిగా కాదు, నిజంగానే అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. చదవేస్తే ఉన్న మతి పోయిందన్న సామెత నాకోసమే పుట్టిందనిపించింది.

గిటారును దుప్పట్లో చుట్టి ఇంటికి తీసుకుపోయాను. మా బాపు ట్రాక్టర్ ట్రాలీలకు, మోటారు సైకిళ్ళకు రంగులు కొట్టే పని చేస్తాడు. మూడో తరగతి వరకే చదివాడు. దుప్పటి తీయగానే చెప్పేశాడు: "ఎనామిల్ మీద లాకర్ కొట్టినవా? చేతికి అంటకుంటే ఎండినట్టు కాదురా. లోపట పచ్చిగనే ఉంటది." నేను ఏం వాడానో ఆయనకు ఎవరూ చెప్పలేదు. ముడతను చూసి చెప్పాడు.

ఆ రాత్రి నా పుస్తకాలు తీసి చూస్తే బాపు చెప్పిందంతా పాలిమర్ల పాఠంలోనే ఉంది. పెయింట్లన్నీ ఒకే విధంగా ఎండవు. లాకర్‌లో ఉన్న థిన్నర్ గాలిలోకి ఎగిరిపోగానే అది గట్టిపడుతుంది. మళ్ళీ అదే థిన్నర్ తగిలితే కరుగుతుంది. అందుకే లాకర్ మీద లాకర్ కొడితే రెండు పూతలూ ఒకదానిలో ఒకటి కరిగి కలిసిపోతాయి. ఎనామిల్ దారి వేరు. దానిలోని టర్పెంటైన్ వంటి ద్రావణి ముందు ఎగిరిపోతుంది. ఆ తర్వాత దానిలోని నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి వల అల్లుకున్నట్టు గట్టిపడుతుంది. ఇది గంటల్లో అయ్యే పని కాదు. రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. పైకి ఎండినట్టు కనిపించే ఆ దశలో లాకర్ థిన్నర్ తగిలితే, సగం అల్లుకున్న పొర ఉబ్బి ముడతలు పడుతుంది. మా గిటారుకు జరిగింది ఇదే. మూడో రకం, హార్డెనర్ కలిపి కొట్టే పాలియురెథేన్. అది రసాయన చర్యతో గట్టిపడుతుంది కాబట్టి పూర్తిగా తయారయ్యాక మామూలు థిన్నర్‌కు కరగదు. దాని మీద ఇంకో పూత పట్టాలంటే ముందు ఎమరీ పేపర్‌తో రుద్ది గరుకు చేయాలి.

ఇదంతా పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాడినే. కానీ ఆ పాఠం పేపర్ మీది నుంచి డబ్బా దాకా రాలేదు. బాపుకు అది డబ్బా దగ్గరే తెలుసు, కానీ దాన్ని చదువు అని ఎవరూ అనలేదు. ఒకే విషయం రెండు చోట్ల సగం సగం ఉండిపోయింది.

బాపు నాకు చెప్పిన పద్ధతులు మీకోసం రాస్తున్నాను. పాత పూత ఏ రకమో తెలియకపోతే, గుడ్డ ముక్కను లాకర్ థిన్నర్‌లో తడిపి కనపడని చోట రుద్దాలి. రంగు కరిగి గుడ్డకు అంటితే లాకర్. ఉబ్బి ముడత పడితే ఎనామిల్. ఏమీ కాకపోతే హార్డెనర్ రకం. ఘాటు థిన్నర్ ఉన్న పూతను మెత్తని పూత మీద కొట్టరాదు. బాగా ఎండిన లాకర్ మీద ఎనామిల్ వేస్తే సాధారణంగా ఇబ్బంది రాదు. వీలైతే ప్రైమర్, రంగు, క్లియర్ మూడూ ఒకే రకం, ఒకే కంపెనీవి తీసుకోవాలి. మళ్ళీ ఎప్పుడు కొట్టాలో డబ్బా మీద రాసి ఉంటుంది. ఇన్ని గంటల లోపల గానీ, ఇన్ని రోజుల తర్వాత గానీ అని ఉంటే మధ్యలో కొట్టకూడదు. ముసురు పట్టిన రోజు లాకర్ కొడితే గాలిలోని తేమ చేరి పాలలా తెల్లబడుతుంది. అన్నిటికన్నా ముందు, ఒక పాత చెక్క ముక్క మీద అన్ని పూతలూ వేసి చూసుకోవాలి. నేను ఆ చెక్క ముక్క మీద చూసుకొని ఉంటే ఈ వ్యాసమే ఉండేది కాదు. తమ్ముళ్ళకు ఇంకొక మాట. స్ప్రే డబ్బాలను గదుల్లో గానీ, వంటగది దగ్గర గానీ కొట్టకండి. ఆ ఆవిరికి మంట అంటుకుంటుంది. హార్డెనర్ కలిపే రకాన్ని అసలు ముట్టుకోకండి. దాని ఆవిరి ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది, మామూలు గుడ్డ మాస్కు దాన్ని ఆపదు.

ట్రాక్టర్లకు రంగు కొట్టే మనిషికి గిటారు సంగతి ఏం తెలుసని ఎవరైనా అనవచ్చు. డ్యూకో అనే మాట మనందరం విన్నదే. అమెరికాలోని డ్యుపాంట్ కంపెనీ 1920లలో కార్ల కోసం తెచ్చిన నైట్రోసెల్యులోజ్ లాకర్ పేరు అది. తర్వాత ఫెండర్ కంపెనీ తన ఎలక్ట్రిక్ గిటార్లకు కార్ల రంగులే వాడింది. ఫియెస్టా రెడ్ అనే గిటారు రంగు 1956 నాటి ఫోర్డ్ థండర్‌బర్డ్ కారు రంగే. అంటే ప్రపంచంలో పేరున్న గిటార్ల రంగులు బండ్ల రంగుల దుకాణం నుంచి వచ్చినవే.

అంత దూరం పోనక్కర లేదు. మహబూబ్ ఘాట్ దిగితే నిర్మల్. 2016లో జిల్లాలు విడిపోయే వరకు మనదీ వాళ్ళదీ ఒకే జిల్లా. అక్కడి బొమ్మ తేలికైన పొనికి కర్రతో మొదలవుతుంది. చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి అతుకులు, సందులు పూడుస్తారు. దాని మీద తెల్లమట్టి పూత, నునుపు చేశాక రంగు. ఏ పూత దేన్ని పట్టుకుంటుందో, ఎంత ఆరనివ్వాలో ఆ నకాషీలకు తరతరాలుగా తెలుసు. నిర్మల్ పెయింటింగుల్లోకి డ్యూకో రంగులు వచ్చినప్పుడు వాటినీ అలాగే నేర్చుకున్నారు. మనం ఆ బొమ్మలను బహుమతులుగా ఇస్తాం, జనరల్ నాలెడ్జ్ బిట్లుగా చదువుతాం. వాటి వెనక ఉన్న కెమిస్ట్రీని మాత్రం ఏ తరగతిలోనూ అడగలేదు.

ఇక అసలు విషయం. నేను ఇదే హాస్టల్‌లో ఎనిమిదో తరగతి చదివేటప్పుడు బాపు నన్ను చూడటానికి పని మీది నుంచి నేరుగా వచ్చేవాడు. గోళ్ళ నిండా ఎర్రరంగు ఉండేది. మీ బాపు ఏం చేస్తాడని అడిగితే "కంపెనీల చేస్తడు" అని చెప్పాను. ఆ అబద్ధం ఇన్నాళ్ళూ నా లోపల పచ్చిగానే ఉంది. ఈ సంచికలో రాసి దాన్ని తీసేసుకుంటున్నాను. మా బాపు పెయింటర్.

నా విన్నపం ఇది. ఏటా వార్షికోత్సవానికి ముందు ఒక ఆదివారం చేతిపని తెలిసినవారిని హాస్టల్‌కు పిలుద్దాం. వడ్రంగి, వెల్డర్, పెయింటర్, మోటారు వైండింగ్ చేసే మనిషి, ఎవరైనా సరే. చాలామంది మన పిల్లల తల్లిదండ్రులే. వాళ్ళను వేదిక మీద కూర్చోబెట్టి, పని చూపించమని అడిగి, ఒక రోజు కూలి కన్నా తక్కువ కాకుండా గౌరవ వేతనం ఇద్దాం. ఆ ఖర్చు పాత విద్యార్థులం భరించగలం. పక్కనే సైన్సు టీచరు ఉండి, ఆ పనిలోని పాఠాన్ని బోర్డు మీద రాయాలి.

దీనికి ఒక పాత మిత్రుడు గట్టిగా అభ్యంతరం చెప్పాడు. "తరాల నుంచి చేతిపనులల్లనే మగ్గినం. ఇప్పుడిప్పుడే పుస్తకం పట్టిన పిల్లలకు మళ్ళా బ్రష్ ఇస్తవా?" అన్నాడు. ఆ మాటలో బాధ ఉంది, నిజం కూడా ఉంది. పిల్లలను పెయింటర్లను చేయమని నేను అనడం లేదు. వాళ్ళు డాక్టర్లు, ఇంజనీర్లు కావాలి. కానీ తండ్రి పనిని దాచుకొని పైకి పోయిన చదువు ఎంత మెరిసినా, నేను కొట్టిన క్లియర్ లాంటిదే. పనిని బలవంతంగా అంటగట్టడం వేరు, పనిలోని తెలివిని తెలివిగా ఒప్పుకోవడం వేరు. మొదటిది మనకు అన్యాయం చేసింది. రెండోది మనకు ఇంకా దక్కలేదు.

గిటారు ఏమైందని మీరు అడుగుతారు. బాపు ముడతలన్నీ గీకి, ఎమరీతో రుద్ది, తొందరపడకుండా ఆరనిచ్చాడు. తీగలు తీసి, రంధ్రం కాగితంతో మూసి, బ్రిడ్జికి టేపు వేసి పలుచగా ప్రైమర్ కొట్టాడు. గిటారుకు మందంగా కొడితే మోత తగ్గుతుందని ఆయనకు అనిపించింది, అది నిజమే. వార్షికోత్సవం నాటికి రంగు కాలేదు. తమ్ముళ్ళు బూడిద రంగు ప్రైమర్‌తోనే వేదిక ఎక్కి వాయించారు. ఎవరికీ ఏ లోటూ వినిపించలేదు. నలుపు, క్లియర్ ఆ తర్వాత రెండు వారాలకు, రెండూ ఒకే కంపెనీ లాకర్‌తో, వర్క్‌షాపులోనే పూర్తయ్యాయి.

ఈ ఏడు ఆ గిటారును స్టేజి మీద చూడండి. దాని పని నేర్పడానికి మొదటి ఆదివారం వస్తానని మా బాపు ఒప్పుకున్నాడు. రెండో మనిషి పేరు మీలో ఎవరు ఇస్తారు?