బియ్యం పెట్టి కొన్నారా?

మైపాడు చర్చిల మాట వస్తే చాలు, మనవాళ్ల ఇల్జామ్ ఒకటే: "పాదిరీలు బియ్యం పెట్టి మనుషుల్ని కొన్నారు భాయ్!" తారీఖ్ చూశారా?

అమెరికన్ బాప్టిస్టులు నెల్లూరులో మిషన్ పెట్టింది 1840లో. ఏళ్ల తరబడి చేరినవాళ్లు బహు కొద్దిమంది. 1876-78 కరువులో ఒంగోలు క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడు మైళ్ల పైచిలుకు కంట్రాక్టు తీసుకున్నాడు. మైపాడు పక్కన పోయేదీ ఆ కాలువే. ఆకలితో ఉన్న మాదిగలకు పని చూపించి కూలి ఇచ్చాడు. బాప్తిస్మం అడిగితే మాత్రం కరువు తీరేదాకా ఆగమన్నాడు. తర్వాత 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది తీసుకున్నారు. ఆయన అకీదాతో నాకు ఇత్తెఫాక్ లేదు. కానీ కూలి వేరు, మజ్హబ్ వేరు అన్న మనిషిపై తోహ్మత్ వేయడం ఇన్సాఫేనా?

మరి మనం? బారాషహీద్ దర్గా రొట్టెల పండక్కి హిందువులు లక్షల్లో వస్తే మురిసిపోతాం. వాళ్ల వాడలకు ఎన్నిసార్లు వెళ్లాం? జకాత్ మనవాళ్లకే అంటారా, సదఖాకు ఆ అడ్డు లేదుగా!

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు మోటారు పడవలకు వేట బంద్. షాదీఖానా రంగుల ఖర్చుకంటే ముందు మసీదు కమిటీతో ఈ పద్దు రాయించండి: ఆ రెండు నెలలు మైపాడు మత్స్యకారుల ఇళ్లకు బియ్యం, పప్పు, పిల్లల ఫీజులు. కరపత్రాలు వద్దు, బయాన్ వద్దు, ఫొటోలు అసలే వద్దు.