ఆదాయం కొడుకుది, జబ్బు అమ్మది

జుమా నమాజు ముగిశాక మసీదు మెట్ల మీద కాసేపు కూర్చునే పెద్దల మాటలు వింటే, సగం ఆసుపత్రుల గురించే ఉంటాయి. ఎవరికి కంటి ఆపరేషన్ అయింది, ఎవరి మందులకు ఎంత ఖర్చయింది అన్నవే ఆ ముచ్చట్లు. వాటిలో మాకు తరచూ వినిపించే మాట ఒకటుంది: "కార్డు ఉండేది. అబ్బాయికి జీతం వచ్చాక పోయింది."

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు తెల్ల రేషన్ కార్డే దానికి ఆధారం. గుండె ఆపరేషన్ అంటే ఇల్లు అమ్ముకోవడమే అనుకున్న పేదలు ఆ కార్డుతో పెద్దాసుపత్రి గడప తొక్కగలిగారు. ఆ మేలును మరచిపోకూడదు. తర్వాత చికిత్స పరిమితి కూడా పెరిగింది. 2023 డిసెంబరులో తెలంగాణలో అయిదు లక్షల నుంచి పది లక్షలకు, ఆంధ్రప్రదేశ్‌లో ఇరవై అయిదు లక్షలకు పెంచారు. కాని లోపలికి అడుగు పెట్టడానికి చూసేది మాత్రం కుటుంబ ఆదాయమే.

తెలంగాణలో ఆహార భద్రత కార్డుకు పల్లెల్లో ఏటా లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షల ఆదాయ పరిమితి పెట్టారు. పట్టణంలో ఒక దుకాణంలో నెలకు పద్దెనిమిది వేలకు పనిచేసే యువకుణ్ణి తీసుకోండి. ఏడాదికి 2,16,000 రూపాయలు. గీత కన్నా పదహారు వేలు ఎక్కువ. ఇంటి అద్దె, పిల్లల ఫీజులు పోను ఆ ఇంట్లో మిగిలేది ఎంతో చదువరులకు చెప్పనవసరం లేదు. అయినా లెక్క ప్రకారం అతని తల్లి పేదరాలు కాదు. ఆమెకు గుండెలో స్టెంట్ వేయాల్సి వస్తే ఆ పదహారు వేలు ఏ మూలకు? గీతకు ఇవతల ఉన్నవారికి మొత్తం సాయం, అవతల ఉన్నవారికి సున్నా. మధ్యలో మెట్టన్నది లేదు.

దీని ఫలితం మనం చూస్తూనే ఉన్నాం. కొందరు జీతం దాచి కార్డు నిలుపుకుంటారు. ఆ అబద్ధాన్ని మేము సమర్థించం. కాని నిజం రాసినవాడి తల్లి మంచాన పడి, దాచినవాడి తల్లి నయమై ఇంటికి వస్తుంటే, ఆ లెక్కలోనే తప్పుందని ఒప్పుకోవాలి.

మన జకాత్ లెక్క చూడండి. అక్కడ ఇంటి మొత్తాన్ని ఒక్క మూట కట్టం. ఎవరి సొంత ఆస్తి వారిదే. తల్లిదండ్రుల పోషణ కొడుకు విధి కనుక తన జకాత్‌ను వారికి ఇవ్వడం కూడా చెల్లదు. విధి విధే, ఆస్తి ఆస్తే. కొడుకు బాధ్యత ఉన్నంత మాత్రాన అతని సంపాదన తల్లి సంపాదన అయిపోదు.

2024 అక్టోబరు 29న కేంద్రం ఈ విషయంలో ఒక మంచి అడుగు వేసింది. డెబ్బై ఏళ్లు నిండిన వారందరినీ ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ భారత్‌లో చేర్చింది. ఏడాదికి అయిదు లక్షల వరకు ఆసుపత్రి వైద్యం, వయ వందన పేరుతో కార్డు. ఆధార్‌లో ఉన్న వయసే దీనికి ప్రమాణం. అయితే మరి అరవై నుంచి డెబ్బై మధ్యవారి సంగతి? 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం అరవై నిండినవారినే వయోవృద్ధులంది. కుట్టుమిషన్ మీద వంగినవారు, మూటలు మోసినవారు డెబ్బై దాకా ఆగి ముసలివారు కారు.

ఇంకొక లోటు మందులది. ఈ పథకం ప్రధానంగా ఆసుపత్రిలో చేరినవారికే. ఇంటికి వచ్చాక పదిహేను రోజుల దాకా మందులిస్తారు. బీపీకి, షుగరుకు నెలనెలా మింగే మాత్రలు ఇందులోకి రావు. ఆ మాత్రలు మానుకున్నవారే రేపు ఆసుపత్రిలో చేరుతారు.

అందరికీ ఇస్తే ఖజానా తట్టుకుంటుందా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. బకాయిలు అందలేదని 2025లో రెండు రాష్ట్రాల్లోనూ ఆసుపత్రులు సేవలు ఆపాయి. అందుకే మేము కోరేది రెండే. గీత దాటినవారిని పూర్తిగా తోసేయకుండా ఆదాయాన్ని బట్టి ఖర్చులో కొంత వాటా తీసుకోండి. అరవై దాటినవారికి సొంత ఆదాయమే కొలమానం చేయండి.

పాఠక సోదర సోదరీమణులు కూడా ఒక పని చేయాలి. పెద్దల ఆధార్‌లో వయసు సరిగా ఉందో లేదో ఈ వారమే చూడండి. పుట్టిన తేదీ తెలియక జనవరి 1 అని రాయించుకున్నవారు ఎందరో. జబ్బు వచ్చాక పరుగెత్తేకన్నా ముందే దిద్దించడం మేలు. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను అడిగి ఏ కార్డు చెల్లుతుందో తెలుసుకోండి. బీపీ, షుగరు మాత్రలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా దొరుకుతాయి, జన ఔషధి దుకాణాల్లో చౌకగా వస్తాయి. మహల్లాలో చదువుకున్న కుర్రవాళ్లు తమ ఇంటితోపాటు పక్కింటి పెద్దల కాగితాలూ ఒకసారి చూసిపెట్టాలి.

"నా వల్లే బిడ్డకు అప్పయింది" అని ఏ తల్లీ కన్నుమూయకూడదు. ఆ మాట రాకుండా చూడాల్సింది సర్కారు ఒక్కటే కాదు, మనం కూడా.